వెయ్యి రూపాయలలోపు వైర్‌లెస్ మౌస్‌ను ఎంచుకోవడం ఎలా?

ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద గంటసేపు ఎక్సెల్ గళ్లు నింపినవారికి మౌస్ ఎందుకు కావాలో వేరే చెప్పనక్కరలేదు. కొనబోయే ముందు వచ్చే చిక్కు వేరు. నాలుగైదు వందల నుంచి వెయ్యి రూపాయల మధ్య దొరికే వైర్‌లెస్ మౌస్‌లన్నీ పైకి ఒక్కలాగే ఉంటాయి, డబ్బాల మీద మాత్రం పెద్ద పెద్ద అంకెలు, రంగురంగుల దీపాల బొమ్మలు కనిపిస్తాయి. ఆ అంకెల్లో చాలావాటితో మీకు పని లేదు. ఈ ధరలో మౌస్ మంచిదో కాదో తేల్చేవి డబ్బా మీద రాయనివే: అది మీ అరచేతిలో ఎలా ఇముడుతుంది, దాని బొత్తాలు, చక్రం ఎంత కచ్చితంగా పలుకుతాయి అన్నవి. వాటిని దృష్టిలో ఉంచుకుని, ఇల్లు కదలకముందు మొదలుకొని గడువులోగా తిరిగి ఇచ్చే నిర్ణయం వరకు చేయవలసిన పనులను వరుసగా చెబుతాను.

ముందు మీ ల్యాప్‌టాప్‌ను చూసుకోండి

ల్యాప్‌టాప్ రెండు పక్కలనూ పరిశీలించి, పెన్‌డ్రైవ్ పట్టే వెడల్పాటి యూఎస్‌బీ పోర్టులు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎప్పుడూ ఖాళీగా ఉండేవి ఎన్నో లెక్క పెట్టండి. ఇటీవలి సన్నని ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి, ఫోన్ ఛార్జర్‌కు ఉండే టైప్-సి పోర్టులు తప్ప వేరేవి ఉండవు. తక్కువ ధర మౌస్‌లతో వచ్చే డాంగిల్, అంటే మౌస్ సంకేతాలను అందుకోవడానికి ల్యాప్‌టాప్‌కు గుచ్చే చిన్న బిళ్ల, దాదాపు ఎప్పుడూ వెడల్పాటి పోర్టుకు సరిపోయేదే కాబట్టి, అటువంటి ల్యాప్‌టాప్ ఉన్నవారు అడాప్టర్‌కు మరికొంత ఖర్చు పెట్టాలి, లేదా బ్లూటూత్ మౌస్ వైపు వెళ్లాలి. ఆ తరువాత సెట్టింగ్స్‌లో బ్లూటూత్ ఉన్నదో లేదో చూడండి. ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ఉంటుంది, కానీ ఎవరో వాడి ఇచ్చిన పాత యంత్రమైతే చూసుకోవడమే మంచిది.

మీరు వాడేది కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఇంకొక ప్రశ్న కూడా అడగాలి. సమాచారం బయటకు పోకుండా కొన్ని కార్యాలయాలు యూఎస్‌బీ పోర్టులకు తాళం వేస్తాయి. చాలాచోట్ల ఆ తాళం పెన్‌డ్రైవ్‌లకే పరిమితమై మౌస్‌లు మామూలుగానే పనిచేస్తాయి, కొన్నిచోట్ల ఏది గుచ్చినా పనిచేయదు, మరికొన్నిచోట్ల బ్లూటూత్‌ను కూడా ఆపివేస్తారు. మౌస్ కొన్న తరువాత తెలుసుకోవడం కన్నా కార్యాలయంలోని ఐటీ విభాగం వారిని ముందే ఒక మాట అడగండి.

డాంగిల్‌దా, బ్లూటూత్‌దా అన్నది తేల్చుకోండి

వైర్‌లెస్ మౌస్ ల్యాప్‌టాప్‌తో కలవడానికి ఈ ధరలో రెండు దారులున్నాయి. మొదటిది వేలి గోరంత డాంగిల్‌ను పోర్టులో గుచ్చే పద్ధతి. దీనిలో జత చేయడమనే తతంగం ఉండదు, గుచ్చిన కొద్ది క్షణాలలో కర్సర్ కదులుతుంది. ల్యాప్‌టాప్‌లో విండోస్ తిరిగి ఎక్కించేటప్పుడు కూడా, ఇంకా బ్లూటూత్ మేలుకోని దశలోనే, డాంగిల్ మౌస్ సాధారణంగా పనిచేస్తుంది. రెండవది బ్లూటూత్. దీనికి పోర్టు అక్కరలేదు, పోగొట్టుకోవడానికి డాంగిల్ ఉండదు, అవసరమైతే అదే మౌస్‌ను ట్యాబ్‌కూ కలుపుకోవచ్చు. కాకపోతే కాసేపు వదిలేసిన తరువాత తిరిగి చేతిలోకి తీసుకున్నప్పుడు మళ్లీ కలవడానికి ఒకటి రెండు క్షణాలు తీసుకుంటుంది, తక్కువ ధర మౌస్‌లలో ఇది చికాకు పెట్టేంతగా కూడా ఉండవచ్చు.

ఇంట్లో ఒకే ల్యాప్‌టాప్, ఒక పోర్టు ఖాళీ అన్న పరిస్థితిలో నేను డాంగిల్ మౌస్‌నే సూచిస్తాను. పోర్టుల కొరత ఉన్నవారికి, రోజూ సంచిలో పెట్టుకుని తిరిగేవారికి బ్లూటూత్ నయం. రెండూ ఉన్న మౌస్‌లు ఈ ధరలో ఎక్కడైనా కనబడితే వాటిని ముందుగా చూడండి, అయితే పేరున్న సంస్థల నుంచి వచ్చేవి సాధారణంగా వెయ్యి దాటే ఉంటాయి.

డాంగిల్ గురించి ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మౌస్ మీద మోపే నేరాలలో సగం నిజానికి డాంగిల్‌వి. ఈ మౌస్‌లు 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద మాట్లాడుకుంటాయి, ఇంట్లోని వైఫైలో ఒక భాగమూ, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లూ అక్కడే తిరుగుతుంటాయి. వాటితో పెద్దగా ఇబ్బంది రాదు. అసలు ఇబ్బంది యూఎస్‌బీ 3.0 పోర్టులతో వస్తుంది. వేగంగా సమాచారం పంపే ఆ పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్ డిస్కులు, వాటి తీగలు అదే పౌనఃపున్యంలో రేడియో రొదను వెదజల్లుతాయని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక సాంకేతిక పత్రంలో వివరించింది. నా బల్ల మీద ఒకప్పుడు కర్సర్ నత్తలా ఆగి ఆగి కదిలేది. సెల్లు మార్చాను, మౌస్ కింద గుడ్డతో తుడిచాను, చివరికి కొత్త మౌస్ కొనడానికి సిద్ధపడ్డాను. ఫోటోలు దాచుకునే హార్డ్ డిస్కును పక్క పోర్టులోంచి తీయగానే అంతా సర్దుకుంది. కాబట్టి డాంగిల్‌ను ఒక పక్క, హార్డ్ డిస్కును మరొక పక్క పెట్టుకునే వీలు మీ ల్యాప్‌టాప్‌లో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. లేకపోతే జానెడు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగతో డాంగిల్‌ను దూరం జరపవచ్చు.

డాంగిల్ పోతే మౌస్ పోయినట్లేనని కూడా గుర్తుంచుకోవాలి. తక్కువ ధర మౌస్‌లలో ఆ మౌస్‌కు ఆ డాంగిలే, మరొకటి విడిగా దొరకడం అరుదు. అందువల్ల దానిని దాచుకునే చిన్న గూడు మౌస్‌లోనే, సెల్లు మూత కింద గానీ అడుగున గానీ, ఉన్నదే తీసుకోండి. గూడు లేని మౌస్ ఎంత చవకగా వచ్చినా నేను కొనను.

భద్రత గురించి కూడా కొందరు అడుగుతుంటారు. 2016లో బాస్టిల్ అనే భద్రతా పరిశోధన సంస్థ, అనేక కంపెనీల డాంగిల్‌లకు కొంత దూరం నుంచే దొంగ కీబోర్డు సంకేతాలు పంపవచ్చని చూపింది. ఆ లోపం బ్లూటూత్ మౌస్‌లకు సంబంధించినది కాదు. ఇంట్లో వాడుకునేవారు దీని గురించి నిద్ర చెడగొట్టుకోనక్కరలేదు గానీ, పదిమంది మధ్య కూర్చుని ఇతరుల లెక్కలు, ఖాతాలు చూసే పనిలో ఉన్నవారు బ్లూటూత్ తీసుకోవడం మేలు.

చేతిని కొలవండి

మణికట్టు ముడత నుంచి నడిమి వేలి చివరి వరకు స్కేలుతో కొలవండి. మౌస్‌ల విషయంలో సుమారుగా 17 సెంటీమీటర్లలోపు ఉంటే చిన్న చేయి అనీ, 19 దాటితే పెద్ద చేయి అనీ లెక్క వేస్తారు. ఈ ధరలో ఎక్కువగా అమ్ముడయ్యే సాదా మౌస్‌లు, ఉదాహరణకు లాజిటెక్ ఎం185 వంటివి, దాదాపు 10 సెంటీమీటర్ల పొడవు ఉంటాయి. చిన్న, మధ్యస్థ చేతులకు ఇవి చక్కగా సరిపోతాయి. పెద్ద చేయి గలవారికి మాత్రం అరచేయి వెనక భాగం గాలిలో వేలాడి, వేళ్లు ముడుచుకుని, రెండు గంటల పని తరువాత బొటనవేలి మొదట్లో లాగినట్లు ఉంటుంది. వారు 11 సెంటీమీటర్లకు తగ్గనిది, వెనక భాగం కొంత ఉబ్బెత్తుగా ఉన్నది చూసుకోవాలి. అరచేతిలో దాగిపోయే పలుచని మౌస్‌లు ప్రయాణాలకు, అప్పుడప్పుడు వాడుకోవడానికి బాగానే ఉంటాయి, రోజంతా చేసే పనికి మాత్రం పనికిరావు.

ఎడమచేతి వాటం ఉన్నవారు రెండు పక్కలా ఒకే ఆకారం ఉన్న మౌస్‌ను ఎంచుకుని, విండోస్ సెట్టింగ్స్‌లో కుడి ఎడమ బొత్తాలను తారుమారు చేసుకుంటే చాలు. అదృష్టవశాత్తూ చవక మౌస్‌లలో ఎక్కువ భాగం ఇలా సమానంగా ఉండేవే. బొటనవేలికి గుంట తీర్చిన మౌస్‌లు కుడిచేతి వారికి సుఖంగా ఉంటాయి, ఎడమచేతి వారికి అవి శిక్షే.

బరువు సంగతి చాలామంది పట్టించుకోరు. గోడ గడియారంలో వేసే డబుల్ ఎ సైజు ఆల్కలైన్ సెల్లు ఒక్కటే సుమారు 23 గ్రాములు తూగుతుంది. రెండు సెల్లులు పట్టే మౌస్ చేతికి బరువుగా తగులుతుంది కాబట్టి, ఒకే సెల్లుతో నడిచేదాన్ని చూసుకోండి.

డబ్బా మీది అంకెలను ఎలా చదవాలి?

డీపీఐ అనే అంకెను ఎంత పెద్దగా ముద్రిస్తే అంత గొప్ప మౌస్ అని నమ్మించే ప్రయత్నం జరుగుతుంటుంది. దాని అర్థం తెలిస్తే ఆ మాయ తొలగిపోతుంది. మౌస్‌ను బల్ల మీద ఒక అంగుళం జరిపినప్పుడు అది ఆ దూరాన్ని ఎన్ని చిన్న చిన్న కదలికలుగా లెక్కపెడుతుందో చెప్పేదే డీపీఐ. ఫుల్ హెచ్‌డీ తెర వెడల్పు 1920 చుక్కలు. 1000 డీపీఐ ఉన్న మౌస్‌తో, వేగాన్ని మధ్యస్థంగా ఉంచినా, రెండు అంగుళాలకు కొంచెం తక్కువ జరిపితే కర్సర్ తెర ఈ చివరి నుంచి ఆ చివరికి చేరుతుంది. 1600 అయితే 1.2 అంగుళాలు చాలు. 3200 అయితే అర అంగుళానికి కాస్త ఎక్కువ. అంత కొద్ది కదలికలో ఒక చిన్న గడిలో కర్సర్‌ను నిలపడం మానవమాత్రులకు కష్టం. ల్యాప్‌టాప్ తెరకు 1000 నుంచి 1600 వరకు ఉంటే సరిపోతుంది, ఆపైన ఉన్నదానికి ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వవద్దు.

రంగు దీపాలు సెల్లును తినడం తప్ప వేరే పని చేయవు. పది మీటర్ల దూరం నుంచి పనిచేస్తుందన్న మాటకూ, మీటరు దూరంలో కూర్చునే మీకూ సంబంధం లేదు. అదనపు బొత్తాలలో, వెబ్‌లో వెనక్కి ముందుకు వెళ్లడానికి బొటనవేలి దగ్గర ఉండే రెండు మాత్రం నిజంగా ఉపయోగపడతాయి, ఈ ధరలో దొరికితే తీసుకోండి.

శబ్దం రాని క్లిక్ అని రాసి ఉన్నవాటి గురించి ఆలోచించవచ్చు. పసిపిల్లలు నిద్రపోయే గదిలో పనిచేసేవారికి, హాస్టల్ గదిలో అర్ధరాత్రి ప్రాజెక్టు పూర్తిచేసే విద్యార్థులకు అవి వరమే. కాకపోతే వాటి బొత్తం నొక్కినప్పుడు వేలికి తెలిసే స్పర్శ కాస్త మెత్తగా ఉంటుంది, అది కొందరికి నచ్చదు. లాజిటెక్ ఎం221 ఈ రకంలో చాలాకాలంగా దొరుకుతున్నది. దుకాణంలో దానినీ, మామూలు మౌస్‌నూ పక్కపక్కన పెట్టి నొక్కి చూస్తే మీకేది నచ్చుతుందో అరనిమిషంలో తేలిపోతుంది.

సెల్లా, లోపలే ఛార్జ్ అయ్యే బ్యాటరీయా అన్న ప్రశ్నకు, ఈ ధరలో నా ఓటు సెల్లుకే. పేరున్న సంస్థల సాదా మౌస్‌లు ఒక సెల్లుతో ఏడాది వరకు నడుస్తాయని ఆ సంస్థలు చెప్పుకుంటాయి, రోజంతా వాడితే అంతకన్నా ముందే అయిపోతుంది, అయినా ఖర్చు నామమాత్రమే. చవక మౌస్‌లోని ఛార్జింగ్ బ్యాటరీ మాత్రం కొన్నేళ్లకు నీరసించి, మార్చుకునే దారి లేక మొత్తం మౌస్‌నే చెత్తలో వేయిస్తుంది. ఛార్జింగ్ మౌస్‌నే తీసుకోదలిస్తే ఛార్జింగ్ పోర్టు ముందు భాగంలో ఉందో లేదో చూడండి, అడుగున ఉంటే ఛార్జ్ అవుతున్నంతసేపూ అది వెల్లకిలా పడి ఉండవలసిందే.

ఎక్కడ కొనాలి, ఏమి చూడాలి?

చేతిలో పట్టుకుని చూసే అవకాశం ఉంటే దుకాణానికే వెళ్లండి. హైదరాబాదు, సికింద్రాబాదు వాసులకు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అని పిలిచేది, చాలాకాలంగా కంప్యూటర్ సామగ్రికి చిరునామా. అక్కడ ఒకే వరండాలో నాలుగు దుకాణాల ధరలు కనుక్కోవచ్చు. మీ ల్యాప్‌టాప్‌ను వెంట తీసుకువెళ్లడం మరవకండి. దుకాణదారు డబ్బా తెరవడానికి ఒప్పుకోకపోతే, నమూనాగా బయట పెట్టినదాన్నయినా పట్టుకుని చూడనివ్వమని అడగండి, దానికీ ఒప్పుకోనిచోట కొననక్కరలేదు.

ఆన్‌లైన్‌లో కొనేవారు ముందుగా అమ్మకందారు ఎవరో, వస్తువు నచ్చకపోతే డబ్బు తిరిగి ఇస్తారో, లేక మారుస్తామని మాత్రమే అంటారో చదవాలి. ఈ రెండింటికీ ఎంతో తేడా ఉంది. ఆకారం చేతికి సరిపడనప్పుడు అదే మౌస్‌ను మరొకటి పంపితే ఏమి లాభం? గరిష్ఠ చిల్లర ధర పద్నాలుగు వందలని కొట్టివేసి ఆరు వందలకే ఇస్తున్నామన్న ప్రకటనను చూసి ఎనిమిది వందలు మిగిలాయనుకోవద్దు, నాలుగు చోట్ల అమ్ముతున్న ధరే దాని అసలు ధర. కొనుగోలుదారుల అభిప్రాయాలలో అయిదు నక్షత్రాలవి, ఒక నక్షత్రానివి పక్కన పెట్టి, మూడు నక్షత్రాలవి, అందులోనూ ఆరేడు నెలలు వాడి రాసినవి చదవండి. ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతున్నదని, చక్రం తిప్పితే పేజీ ఎగిరిపడుతున్నదని పలువురు రాస్తే ఆ మౌస్ జోలికి పోవద్దు.

డబ్బా చేతికి వచ్చాక దాని మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర, ఫిర్యాదుల ఫోన్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. ప్యాక్ చేసిన వస్తువుల మీద ఇవి ఉండాలని మన దేశంలో 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. పేరున్న సంస్థ గుర్తు వేసి, ఈ వివరాలేవీ లేకుండా సగం ధరకు దొరికే మౌస్ నకిలీదని అనుమానించడం న్యాయమే. జీఎస్‌టీ బిల్లు అడిగి తీసుకుని, వెంటనే ఫోన్‌లో ఫోటో తీసుకోండి, ఎందుకంటే థర్మల్ కాగితం మీది అక్షరాలు కొన్ని నెలల్లోనే వెలిసిపోతాయి, వారంటీ ఏడాది నుంచి మూడేళ్ల వరకు ఉంటుంది.

ఇంటికి తెచ్చిన రోజునే పరీక్షించండి

మౌస్ పనిచేయడం లేదని, డాంగిల్ రాలేదని కంగారు పడేముందు సెల్లు మూత తీయండి. డాంగిల్ చాలాసార్లు అక్కడే దాక్కుని ఉంటుంది, సెల్లుకు అడ్డంగా సన్నని పారదర్శక ప్లాస్టిక్ పట్టీ కూడా ఉండవచ్చు. దానిని లాగి, అడుగున మీట ఉంటే ఆన్ చేయండి.

పరీక్షలన్నింటిలోకీ ముఖ్యమైనది బొత్తానిది. ఒక ఫోల్డర్ మీద నెమ్మదిగా, ఒక్కొక్కసారి చొప్పున యాభైసార్లు నొక్కండి. ఒక్కసారైనా ఆ ఫోల్డర్ తెరుచుకుంటే, ఒక నొక్కు రెండుగా పడుతున్నదని అర్థం. తరువాత ఒక ఫైలును పట్టుకుని తెర అంతా తిప్పండి, మధ్యలో జారిపోతే అది కూడా బొత్తం లోపలి స్విచ్ లోపమే. ఈ జబ్బు వాడకంతో పెరుగుతుందే గాని తగ్గదు, అలవాటవుతుందిలే అని సరిపెట్టుకోకండి. చక్రాన్ని ఒక్కొక్క గంటు చొప్పున కిందికి తిప్పుతూ పొడవైన పత్రాన్ని చదవండి. కిందికి వెళ్లవలసిన పేజీ ఒక్కసారి పైకి ఎగిరినా అది తిరిగి ఇవ్వవలసిన మౌస్. చివరగా పెయింట్‌లో నిదానంగా ఏటవాలు గీతలు, సున్నాలు గీయండి, గీత మెట్లుమెట్లుగా దూకకుండా రావాలి.

కర్సర్ తడబడితే మౌస్‌ను నిందించేముందు కింద ఉన్నదేమిటో చూడండి. మౌస్ అడుగున ఉన్న చిన్న కెమెరా బల్ల ఉపరితలాన్ని సెకనుకు వెయ్యిసార్లకు పైగా ఫోటోలు తీసి, వాటి తేడాను బట్టి కదలికను లెక్కిస్తుంది. గాజు బల్ల మీద దానికి పట్టుకోవడానికి గుర్తు ఏదీ కనిపించదు, అద్దంలా మెరిసే గ్రానైటు మీద కూడా ఒక్కోసారి ఇదే పరిస్థితి. దీనికోసం ఖరీదైన మౌస్ కొననక్కరలేదు, పిల్లలు పరీక్షలకు తీసుకువెళ్లే అట్ట ఒకటి కింద పెట్టుకుంటే చాలు.

ఈ పరీక్షలలో ఏది తప్పినా, తిరిగి ఇచ్చే గడువు ముగియకముందే, డబ్బాతో సహా వెనక్కి పంపండి. అమ్మకందారు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు.

వాడేటప్పుడు

మామూలు జింకు-కార్బన్ సెల్లులు చవకే గాని, అయిపోయిన తరువాత లోపలే ఉంచితే కారి, లోహపు పట్టీలను తినేస్తాయి. ఆల్కలైన్ సెల్లు వేసుకోండి, సంక్రాంతికో వేసవి సెలవులకో ఊరు వెళుతూ మౌస్‌ను ఇంట్లో వదిలేస్తే అది కూడా తీసివేయండి. రీఛార్జ్ చేసుకునే నికెల్ సెల్లులు 1.2 వోల్టులవే అయినా చాలా మౌస్‌లు వాటితో నడుస్తాయి, సెల్లు అయిపోతున్నదన్న దీపం మాత్రం ముందుగానే వెలగవచ్చు. సంచిలో పెట్టేటప్పుడు అడుగునున్న మీటను ఆపివేయాలి. లేకపోతే బస్సు కుదుపుకు మౌస్ కదిలి, నిద్రపోతున్న ల్యాప్‌టాప్‌ను కూడా లేపుతుంది, గంట తరువాత సంచి తెరిస్తే వేడెక్కిన ల్యాప్‌టాప్, సగమైన బ్యాటరీ కనిపిస్తాయి.

ఇంట్లో పాత వైరు మౌస్ ఏదైనా ఉంటే మాత్రం, కొత్తది వచ్చిందని పారవేయవద్దు. రేపు ఉదయానికి ఇవ్వవలసిన పని ముందు పెట్టుకుని కూర్చున్న రాత్రి, వీధిలో దుకాణాలన్నీ కట్టేశాక సెల్లు అయిపోతే, ఆ పాతదే ఆదుకుంటుంది.